నల్ల కొమ్ము మీద గాజు

కరెంటు పోతే వీధి వీధంతా తిట్టుకుంటుంది.
నేను తలుపు సందుల్లో గోనెలు కుక్కి
సైకిలు వెనక దీపాన్ని ఎర్రగా వెలిగించుకుంటాను.
పర్లాకిమిడిలో చీకటి ఉచితం.
మిగతావన్నీ కొనుక్కోవాలి.

గాజు మాత్రం
కూల్చేసిన కచేరీ కిటికీలది.
సుద్దపొడితో తోమి సోడాతో కడిగి ఎత్తిపట్టుకుంటే
నీళ్ళు ఎక్కడా చుక్క కట్టకుండా
ఒకే పొరగా జారాలి.
ఎవరూ చెప్పలేదిది.
పదకొండు పలకలు పొక్కిపోయాక తెలిసింది.

మొదటిసారి వెండి కంసాలి సింహాద్రి దగ్గర కొన్నాను.
ఆమ్లంలో వేస్తే నీలంగా తిరిగింది.
"రాగి కలిపావు" అన్నాను మర్నాడు వెళ్ళి.
"నువ్వేటి, దాన్ని తాగుతావా" అన్నాడు.
ఇప్పుడు స్ఫటికాలు విశాఖ నుంచి వస్తాయి,
నల్ల సీసాలో, మందుల పార్సిలు మధ్యన.

జిలటిన్ నానబెట్టి, గోరువెచ్చగా కరిగించి,
ఇంత ఉప్పు కలిపి,
పశువుల డాక్టరు సిరంజితో
బొట్టుబొట్టుగా వెండినీళ్ళు వదులుతాను.
ఎర్రటి వెలుగులో పాలు పుడతాయి.
తెల్లారేసరికి గిన్నెలో తాటిముంజులా వణుకుతుంటుంది.
దాన్ని జంతికల గొట్టంలో కూరి
చల్లటి నీళ్ళలోకి నొక్కుతాను, మిగులు ఉప్పు పోయేదాకా.
గొట్టం మా ఆడపడుచుది.
ఇంక దాన్లో జంతికలు వండకూడదు.
ఈ మాట ఆమెకెలా చెప్పాలో తోచడం లేదు.

మళ్ళీ కరిగించి పలక మధ్యన పోస్తాను.
ఒక్కో మూలకీ వంచుతాను,
పడుకున్న పిల్లని
ఈ చేతిమీంచి ఆ చేతిమీదకి మార్చినట్టు.
దోమ వాలిందా, అది ఇంక ఆకాశంలో శాశ్వతంగా ఉంటుంది.

కొమ్ముపని బృందావన్ మహారణా
నా నల్లటి గోళ్ళు చూసి అడిగాడు, జిలటిన్ అంటే ఏమిటని.
ఎముకలు, తోళ్ళు ఉడకబెట్టిన జిగురన్నాను.
గేదె కొమ్ముని కుంపటి మీద తిప్పుతూ
కాసేపు ఆలోచించాడు.
"అయితే మనిద్దరిదీ ఒకే పశువు."

గొడుగుబట్ట బెలోసు సాగదీసి
అతని వసారాలో పెట్టె నిలబెట్టాను.
నా పలక నెమ్మది. నీడపట్టున ఎనిమిది సెకన్లు.
"టికే రుహో" అన్నాను.
తల ఆపాడు, ఊపిరి ఆపాడు.
చేతులు మాత్రం ఆపలేదు.
ఆగితే కొమ్ము చల్లారిపోతుంది,
కొంగ మెడ సగం వంపులో విరిగిపోతుంది.

రాత్రి పళ్ళెంలో ముందు చొక్కా నల్లబడింది.
తర్వాత నెరిసిన తల.
తాంబూలం పెదాల దగ్గర గాజు ఖాళీగా మిగిలింది,
నా పలకకి ఎరుపు కనపడదు.
బల్లమీద వరసగా పూర్తయిన కొంగలు, ఈక ఈకా తేలి.
చేతులున్న చోట పొగ.

ఆరిన పలక తీసుకెళ్ళి చూపించాను.
"జుట్టుకి రంగేశావు" అని నవ్వి
చేతుల చోట వేలు పెట్టి, ముట్టుకోకుండా, ఆగాడు.
ఏమీ అనలేదు.
కాగితం మీద అచ్చు తీసిస్తాను,
తెలుపు తెలుపవుతుంది, చూద్దువుగానని చెబుతున్నాను.

అతను వినడం లేదు.
అద్దంలా మెరుగుపెట్టిన నల్ల కొమ్ము బిళ్ళొకటి వెతికి
గాజు వెనక్కి తోసి
కిటికీ వైపు కొంచెం వంచాడు.

తల నెరిసింది.
చొక్కా తెల్లబడింది.
పొగ కూడా తెల్లగా, అప్పుడే లేచినట్టు.

"కాగితం దేనికి?"

పలక అక్కడే ఉండిపోయింది.
మొన్న బరంపురం బేరగాడొకడు
కొంగలు వదిలేసి దాని ధర అడిగాడట.
కొమ్ముకి తను చెప్పి, గాజుకి నన్నడగమన్నాడట.

లెక్క వేస్తున్నాను.
కిటికీ ఊరికే వచ్చింది. చీకటి ఊరికే.
ఎనిమిది సెకన్లు అతనివి.
ఎంత తగ్గించినా
కొత్త జంతికల గొట్టం ఖరీదు కంటే
కిందకి దిగలేను.