నలుపు తనిఖీ

వూచ్‌లో నవంబరు నెల, నాలుగింటికే దీపాలు పెట్టేస్తారు.
ట్రామ్ దిగి, మూడంతస్తులు ఎక్కి
వెలుగు కొలిచే యంత్రం సంచీలో మోసుకుని
బొగుమీవా గారి తలుపు తట్టాను.

మేనల్లుడు కొనిపెట్టాడు గోడంత టీవీ.
నచ్చకపోతే వెనక్కి పంపడానికి పద్నాలుగు రోజులు,
పదకొండు అప్పుడే దొర్లిపోయాయి.
"పెట్టిన డబ్బుకి తగిందో లేదో తేల్చండి" అన్నాడు ఫోనులో.
ఆవిడ నా బూట్ల బురద చూసి
మాట్లాడకుండా ఇంటి చెప్పులు ముందుకు తోసింది.
గాజు గ్లాసులో టీ, పైన తేలే నిమ్మచెక్క.
"నువ్వు కొలుచుకో. నేను చూస్తాను."

ముప్పై ఒక్క ఏళ్లు ఆవిడ బట్టల మిల్లులో
అద్దకం దాటి వచ్చిన నలుపుని తనిఖీ చేసింది.
నలుపు ఒకటేనా?
పాదిరి అంగీది వేరు, రైలు గార్డు కోటుది వేరు,
శవయాత్రకు వేసుకునేది వేరు,
ఎండ తగిలితే చాలు లోపలి తుప్పురంగు కక్కే
దొంగ నలుపు ఒకటి.
పదిహేడున్నాయని మొదలుపెట్టి
తొమ్మిది దగ్గర ఆగిపోయింది.
టీలో చక్కెర మరీ ఎక్కువసేపు కలిపింది.

ముందుగా దుకాణం వాళ్లు వదిలేసిన మోడ్ తీసేశాను.
అందులో టమాటాలు కేకలు పెడుతున్నాయి,
వార్తలు చదివే అమ్మాయికి
కామెర్లూ సిగ్గూ ఒకేసారి వచ్చినట్టుంది.
తర్వాత తెరలు లాగి, దీపం ఆర్పి,
యంత్రాన్ని టీవీ గుండె మీద ఆనించాను
డాక్టరులా.
సున్నా.
సున్నా, అన్నాను మళ్లీ, నేనే తయారుచేసినంత గొప్పగా.

చీకట్లోంచి ఆవిడ గొంతు:
"సున్నాని నేను ఒక్కసారి కూడా పాస్ చేయలేదు.
నలుపులో పోగు కనపడాలి.
నిలువు పోగేదో పేక పోగేదో తెలియాలి.
అది గుడ్డ కాదు బాబూ, గొయ్యి."

ఏదో పాత సినిమా, రాత్రి, స్టేషనులో కోట్ల గుంపు.
ఆడా మగా పిల్లా అందరి మాటలూ
ఒకే మగ గొంతు నింపాదిగా చదువుతోంది
ఈ దేశపు అలవాటు ప్రకారం.
నీడల్ని ఒక గీత పైకి జరిపాను.
కంటికి ఆనలేదు.
ఇంకో గీత.
ఒక కోటు మడత తేలింది, తర్వాత జేబు,
జేబులో చెయ్యి.
"ఆ," అంది. అంతే అంది.

మంచు మీద స్కీ గెంతులు పెట్టమంది.
గాల్లో కుర్రాడు కాగితం బొమ్మలా జారుతున్నాడు,
మరీ నున్నగా, బరువు లేకుండా.
కదలికల్ని నునుపు చేసే మాయ ఆపేశాను.
ఈసారి దిగినప్పుడు మోకాళ్లు తెలిశాయి.
మంచు నీలం ఎక్కువైందని ఆవిడే చెప్పింది,
యంత్రం కూడా అదే చెప్పింది, కాస్త ఆలస్యంగా.

పని అయిందనుకుని సంచీ సర్దుతుంటే
"ఆపు ఒకసారి" అంది.
ఆపాను. దీపం వేసింది.
బీరువాలోంచి కలరా ఉండల వాసనతో
జానెడు నల్లగుడ్డ, మిల్లు ముద్ర ఉన్నది,
తెచ్చి తెర పక్కన పట్టింది.
గుడ్డ పక్కన తెర బూడిదైపోయింది.
అందులో దీపం, నా బట్టతల,
గుడ్డ పట్టుకున్న ఆవిడ చెయ్యి, కొంచెం వణుకుతూ.

"రోజులో ఇరవై గంటలు ఇది ఇలాగే ఉంటుంది.
దీన్ని ఎవరు కొలుస్తారు?"

నా ఫారంలో నలభై రెండు గళ్లున్నాయి.
దానికి లేదు.

గసగసాల కేకు ముక్క కాగితంలో చుట్టి ఇచ్చింది.
ఉంచుకుంటారా అని అడిగితే
ఇంకా మూడు రోజులుందిగా, అంది.

ట్రామ్‌లో కేకు తినేసి
ఫారం అంచున పెన్సిలుతో రాశాను:
ఆపినప్పుడు బూడిద రంగు.
కప్పడానికి గుడ్డ అవసరం.
గుడ్డ ఆవిడ దగ్గర ఉంది,
కానీ జానెడే.