మూడో పాదం

మంగళవారం. వాన.
మా పలకరాతి ఊళ్లో వాన అంటే
ఇళ్ల కప్పులన్నీ ఒకేసారి నల్లబడటం.
వేల్స్ ఉత్తరాన, కొండ పక్కన
కొండంత రాతిచెత్త,
దాని కింద మా గ్రంథాలయం,
వారానికి రెండు పూటలు.

హెలెద్ వచ్చింది. ఎనిమిదేళ్లు.
బూట్ల నిండా నీళ్లు,
కోటు లోపల పొడిగా ఎర్ర అట్ట నవల.
"ఇది తిరిగిచ్చేస్తాను.
దీని లోపల ఉన్న పుస్తకం కావాలి."

లోపలి పుస్తకం నాకూ తెలుసు.
నూట పన్నెండో పేజీలో ఉంటుంది,
మంత్రగత్తె అటక మీద, గొలుసేసి.
గడపమాను అంత మందం.
మలుగుచేప తోలు అట్ట.
వేలు నాకి పేజీ తిప్పితే కరుస్తుంది.
అమావాస్యకి బరువెక్కుతుంది.
చివరి పేజీల్లో వంటలు కూడా ఉన్నాయట.
ఏడువందల మంత్రాలు, అంటుంది నవల.
రాసినావిడ మనకి చూపించింది
ఒకటి. అదీ రెండు పాదాలు.

తమ్ముడు రాయిగా మారుతుంటాడు,
మోకాళ్ల దాకా, నడుం దాకా,
అక్క గబగబా చదువుతుంటుంది:

వచ్చిన దారినే వెళ్లు, రాయీ,
ఊపిరికి చోటు విడిచి వెళ్లు,

అంతే. కాకి వచ్చి కొవ్వొత్తి ఆర్పేస్తుంది.
తరవాతి అధ్యాయంలో పిల్లాడు పరుగెడుతూ ఉంటాడు.
మిగతాది చీకట్లో చదివిందట.
మనకి వినపడలేదు.

"మూడో పాదం కావాలి," అంది హెలెద్.

కంప్యూటర్‌లో వెతికాను. నిజంగానే వెతికాను,
వెతికినట్టు నటిస్తే పిల్లలు ఇట్టే పట్టేస్తారు.
అబెరిస్త్విత్‌లో లేదు. కార్డిఫ్‌కి పంపడానికి
పత్రం నింపాం ఇద్దరం.
రచయిత: తెలియదు.
అట్ట: మలుగుచేప.
ఎందుకు కావాలి:
అక్కడ పెన్సిల్ కొరుకుతూ కాసేపు ఆగి
తైద్ కోసం, అని రాసింది.

మా వైపు తాతని తైద్ అంటాం.
వాళ్ల తైద్ ఇద్వల్‌ని ఎరగనిదెవరు?
నలభై ఏళ్లు గనిలో రాయి చీల్చాడు.
ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేస్తే
బండ పుస్తకంలా విచ్చుకునేది,
పేజీ తరవాత పేజీ, ఒక్క అక్షరం లేకుండా.
లేచిన పొడి మాత్రం ఎటూ పోలేదు.
ఆయన లోపలే గూడు కట్టుకుంది.
ఇప్పుడు ఆయన దగ్గితే
పక్కింటివాళ్లు టీవీ తగ్గిస్తారు.

ఏం చెప్పను?
మిగతా ఆరువందల తొంభై తొమ్మిదీ
ఎవరూ రాయలేదనా?
కథకి కావలసినంతే సిరా,
తక్కినదంతా ఉత్త మందమేననా?
చెప్పాను. మెల్లగానే చెప్పాను.
హెలెద్ నన్ను జాలిగా చూసింది,
చదవడం సరిగా రాని మనిషిని చూసినట్టు.
అదే నవల మళ్లీ తన పేర రాయించుకుని
వానలోకి వెళ్లిపోయింది.

మూడు వారాల తరవాత
పుస్తకం డబ్బాలో పడి ఉంది.
కొవ్వొత్తి ఆరిన చోట, రెండు పేరాల మధ్య సందులో
పెన్సిల్ అక్షరాలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ.
పుస్తకం మీద రాస్తే జరిమానా ఇరవై పెన్నీలు.
రబ్బరు చేతిలోకి తీసుకున్నాను.

మెల్లగా, తైద్. నాకేం తొందర లేదు.

ఆ శుక్రవారం గ్రంథాలయం మూసి
వాళ్ల ఇంటి మీదుగా నడిచాను.
మెట్లగది కిటికీలో దీపం,
అద్దం మీద రెండు నీడలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.
ఎక్కుతాయి. ఆగుతాయి. దగ్గు.
పొట్టి నీడ ఏదో అంటుంది.
ఒక పాదం లేస్తుంది.
మళ్లీ ఆగుతాయి.
గొడుగు కింద నిలబడి నేను లెక్కపెట్టాను,
పదమూడు మెట్లు, పావుగంట.
రాయి ఏమీ కరగలేదు.
ఆయన మాత్రం పైకి చేరాడు.

ఇరవై పెన్నీలు నేనే వేశాను.
రబ్బరు సొరుగులో ఉంది.

నిన్న కార్డిఫ్ నుంచి జవాబు వచ్చింది,
ముద్ర వేసి, సంతకం పెట్టి:
ఈ పుస్తకం మా వద్ద లేదు.
మీకెక్కడైనా దొరికితే
మాకూ తెలియజేయగలరు.