ఇద్దరు పైడమ్మలు

ఈ ఆసుపత్రి వరండాలో నిలబడి
"పైడమ్మా" అని పిలిస్తే
నాలుగు మంచాలు కదులుతాయి.
అమ్మవారి పేరు పెట్టుకోని ఇల్లుందా ఇజీనారంలో?
అక్క పైడమ్మ, తమ్ముడు పైడిరాజు,
ఎదురింటి పిల్ల పైడితల్లి.
కాపాడతాదని పెట్టుకున్న పేరే
నా నైట్ డ్యూటీలో
నన్ను భయపెట్టే పేరు.

పద్నాలుగేళ్ళ కిందట చేరినప్పుడు
హెడ్ సిస్టరు సరోజినమ్మ ఒకటే చెప్పింది:
"పేరు నువ్వనకు. వాళ్ళచేత అనిపించు."
అనిపించేదాన్ని.
ముంజేతికి ప్లాస్టరు ముక్క అంటించి
బాల్‌పెన్నుతో రాసేదాన్ని.
చెమటకి సగం అక్షరాలు జారిపోయేవి,
మిగతా సగం సబ్బునీళ్ళు తినేసేవి.
తెల్లారేసరికి ఆ చెయ్యి ఎవరిదైనా కావచ్చు.

ఇప్పుడు పట్టీలొచ్చాయి.
తెల్లటి పట్టీ, లోపల గోరంత చిప్పు.
రీడరు దగ్గరికి తెస్తే చాలు,
దుప్పటి కింద నుంచే జవాబు చెబుతుంది.

మొదటిరోజు ఏడో నంబరు మంచం మీద పైడమ్మ
పచ్చబొట్టు పక్కన ఆ పట్టీ చూసుకుని
"ఏటమ్మా, రచ్చరేకా?" అంది.
కాదు, నీ పేరు అన్నాను.
"మరి నాకు అగుపడదే?"
గాల్లోంచి చదువుతుందిలే అన్నాను.
కాసేపు ఆలోచించింది.
"మా గేదికి సర్కారోలు సెవికి పసుపు బిల్ల కొట్టినారు.
ఇప్పుడు నాకా?"
ఆవిడ ఇంటిపేరు గేదెల.
వార్డంతా నవ్వింది.
దగ్గొచ్చేదాకా ఆవిడా నవ్వింది.

మూడోరోజు రాత్రి ముసురు.
రెండూ నలభై.
కరెంటు పోయి జనరేటరు అందుకునే సందులో
బ్లడ్ బ్యాంకు నుంచి నూకరాజు
తువ్వాల్లో చుట్టి సంచి తెచ్చాడు.
చీటీ మీద: గేదెల పైడమ్మ, యాభై రెండు.
ఈవిడకి రక్తం ఎక్కించాలని కేస్ షీట్లోనూ ఉంది.
లేపాను.
పేరు? "పైడమ్మ."
ఇంటిపేరు? "గేదెల."
వయసు? "పెద్ద గాలివానకి నాకు పాలపల్లూడినాయి."
మీ ఆయన పేరు?
కొంగు నోటికడ్డం పెట్టుకుంది.
మొగుడు పోయి తొమ్మిదేళ్ళయినా
ఆ పేరు ఆవిడ నోట రాదు.
నేనూ రెట్టించలేదు.
ముఖం తెలుసు, గేదె సంగతి తెలుసు,
ఇంకేం కావాలి?

సంచి కొక్కేనికి తగిలించి
అలవాటుగా చీటీకీ చేతికీ రీడరు చూపించాను.
ఎర్ర లైటు.
బ్యాటరీ అనుకున్నాను. తుడిచి మళ్ళీ చూపించాను.
ఎర్ర లైటు.

పై అంతస్తు ఆపరేషన్ వార్డులో
ఇంకో గేదెల పైడమ్మ.
ఆవిడది బొండపల్లి, ఈవిడది గంట్యాడ.
అదే యాభై రెండు.
రెండూ ఓపీ గుమాస్తా ముఖం చూసి వేసిన అంకెలే.
ఆవిడ బి పాజిటివు.
ఈవిడ ఓ.

సంచి దించుతుంటే చేతులు నావి కానట్టున్నాయి.
"ఏటైందమ్మా?"
ఏం లేదు, పడుకో.
అబద్ధం కాదు. నిజంగానే ఏమీ అవలేదు.
ఏమీ అవని రాత్రిని
ఏ రిజిస్టర్లో రాయాలో తెలీక
మెట్ల మీద కూర్చున్నాను.
ప్లాస్టరు రోజులు గుర్తొచ్చాయి.
"ఒళ్ళు తట్టుకోలేదు" అని రాసిన పేజీలు,
కింద నా సంతకాలు,
వాటిలో ఎన్ని...
నూకరాజు టీ తెచ్చాడు.
తాగలేదు.

డిశ్చార్జి రోజు పట్టీ కత్తిరించబోతే
చెయ్యి వెనక్కి లాక్కుంది పైడమ్మ.
"మా ఆయన పేరు గూడా అందులో ఉన్నాదేటి?"
ఉంది. మీ అబ్బాయి రాయించాడు.
"ఏటని?"
రీడరు చూపించి, వంగి,
చెవిలో మెల్లగా చదివాను: సింహాద్రి.
అటూ ఇటూ చూసింది,
ఎవరైనా విన్నారేమోనని.
"అదే" అంది.
చెప్పుల కోసం మంచం కింద
కాళ్ళతో వెతుక్కుంది.