పెన్సిలు గడి

చిలకలగూడలో పాత మిషన్ బంగళా వెనక
మేం పెరిగిన ఇల్లు.
ముందు గేటుకి ఎప్పుడూ తుప్పే.
వెనక గేటు మాత్రం నూనె తాగి మెత్తగా తిరిగేది.
రాత్రుళ్ళు పిల్లలు వచ్చేది అటునుంచే,
రైల్వే పోలీసు చేయి పట్టుకుని,
లేదా ఎవరి చేయీ పట్టుకోకుండా.

నేనెట్లా వచ్చానో నాకు గుర్తు లేదు.
సికింద్రాబాద్ స్టేషన్, పదో నంబరు ప్లాట్‌ఫారం,
బెంచీ కింద పల్లీ పొట్టు మీద పడుకున్నానట.
ఎర్ర స్వెట్టరు, ఒక్క చెప్పు.
పేరేంట్రా అంటే "బిస్కెట్" అన్నానట.
జ్ఞానమ్మ నవ్వలేదు.
ముందు రెండు బిస్కెట్లు పెట్టి
తర్వాత మళ్ళీ అడిగింది.

ఆమె రిజిస్టరుకి నల్ల గుడ్డ అట్ట.
పిల్లల పేర్లు సిరాతో రాసేది,
కింది పేజీలో కూడా అచ్చు పడేంత గట్టిగా.
తండ్రి పేరు గడికి మాత్రం పెన్సిలు.
"ఎవరన్న వచ్చి నా కొడుకే అంటే రాస్త.
కాకపోతే చెరపాలె గదరా."

క్రిస్మస్‌కి కంపెనీల వాళ్ళు అరటిపళ్ళు తెచ్చేవాళ్ళు.
పండు చేతికిచ్చి, ఫోటో అయ్యాక
పక్కవాడి ఫోటో కోసం అదే పండు తీసుకునేవాళ్ళు.
నాకు ఒళ్ళు మండేది.
జ్ఞానమ్మ రసీదు రాస్తూ తలెత్తకుండా అనేది:
"పండుకేం తెలుసు, తనెందుకొచ్చిందో."

రంజాన్ నెలంతా నుస్రత్ కోసం
మూడున్నరకే లేచి స్టవ్ వెలిగించేది.
మోకాళ్ళు పట్టేస్తే గోడ ఆసరాగా
"ప్రభువా" అని ఒక్క మాట.
పాస్టరుగారు ఆదివారం అరగంట చేసే ప్రార్థన
ఆమెకి అంతే,
గరిటె ఆగకుండా.

అందరూ నిలవలేదు.
ఏలీషా గోడ దూకి పోయాడు
వైట్‌నర్ వాసన వెంట.
వాడి కంచం మూడేళ్ళు కడిగి బోర్లించింది.
ఎవరినీ అందులో తిననివ్వలేదు.

ఇప్పుడు నేను లిఫ్టులు బాగు చేస్తాను,
అమీర్‌పేట నుంచి మాదాపూర్ దాకా,
రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న మనుషుల్ని
చేయందించి పైకి లాగుతాను.
నా పెండ్లి ప్రకటన చర్చిలో చదవాలి, మూడు ఆదివారాలు.
పాస్టరు ఫారం ఇచ్చాడు.
"కుమారుడు" అన్న మాట ముందు చుక్కల గీత.

జ్ఞానమ్మ దగ్గరికి వెళ్ళి రిజిస్టరు అడిగాను.
కళ్ళకి శుక్లాలు,
వేళ్ళతో తడిమే పేజీ తీసింది.
నిరీక్షణరావు, సిరాలో.
పక్క గడిలో ఏమీ లేదు.

కాదు, ఏమీ లేకపోవడం కాదు.
అక్కడ కాగితం అరిగిపోయింది.
వేలు పెడితే నూగు నూగుగా ఉంది.
ట్యూబ్‌లైటుకి ఎత్తి పట్టాను,
వెనక పేజీ అమ్మాయి పేరు తలకిందులుగా కనబడింది.

"నారాయణఖేడ్‌కెల్లి ఒకాయన వచ్చిండు. రాసిన.
వాళ్ళూరు పోయి చూసిన, కాదు.
ఇంకో యేడు తాండూరు. కాదు.
సేడం దాక పోయిన, బస్సుల వాంతులు.
ఆడ గూడ కాదు.
తర్వాతవి యాదికి లేవు బిడ్డా."

ఆమె ఊరెళ్ళిన రోజుల్లో
పప్పు నీళ్ళలా ఉందని అలిగి
గోడవైపు తిరిగి పడుకున్నది నేనే.

ఫారం మీద గీతని గీతలాగే వదిలేశాను.

ఆదివారం పాస్టరు చదివాడు:
"చిలకలగూడ వాస్తవ్యుడు నిరీక్షణరావు..."
ఆగాడు. కళ్ళద్దాలు సర్దుకున్నాడు.
ఫ్యాన్ల చప్పుడు.
ఆడవాళ్ళ వైపు, చాప చివర నుంచి
జ్ఞానమ్మ దగ్గింది.
కావాలని కాదు. ఏళ్ళ నాటి పొయ్యి పొగ దగ్గు.
పాస్టరు తలెత్తి అటు చూసి,
కాగితం మడిచి,
పెళ్ళికూతురి పేరు చదివాడు.