ఆరువందల ముప్ఫై అయిదు

డాండెనాంగ్‌లో, రైలు పట్టాల అవతల,
మా షెడ్డుకి పేరు లేదు, నంబరుంది.
లోపల బస్తాలకీ అంతే.
621 సన్న పంచదారలా మెరుస్తుంది.
635 విభూతి కంటే మెత్తన, చిటికెడు చాలు.
తూచి, డ్రమ్ములో పోసి, మూత బిగించి
మీట నొక్కుతాను.
నలభై నిమిషాలు తిరిగితే
కోడి లేని కోడి తయారు.

"మా ఊళ్ళో ఎముక రాత్రంతా ఉడికేది,"
అంటుంది నజీబా, నా పక్క మిషను మీంచి.
రాత్రంతా అన్నప్పుడు మాత్రం
మాస్కు కిందికి లాగుతుంది.

తొడుగుకీ చొక్కా చేతికీ మధ్య
బెత్తెడు చోటు ఎప్పుడూ మిగిలిపోతుంది.
తెల్లారి ఇంటికొచ్చేసరికి
నిద్ర కళ్ళతో చంద్రిమ పరిగెత్తుకొచ్చి
సరిగ్గా అక్కడే నాకి
"అమ్మా, ఇవాళ నువ్వు బార్బెక్యూ" అంటుంది.
"నిన్న సోర్ క్రీము."
ఆరేళ్ళు దానికి.
వారాల పేర్లు ఇంకా సరిగా రావు.

మే నెలలో దద్దుర్లు లేచాయి.
మోకాళ్ళ వెనక, చెవుల కింద,
పెనం మీద అట్టు బుడగల్లా.
రాత్రంతా అది గోక్కుంటుంటే
నేను నా చేతులకేసి చూసుకున్నాను.

నోటుబుక్కు పెట్టాను.
సోమవారం: నూడుల్స్, సగం ప్యాకెట్. రాత్రి పదికి దద్దుర్లు.
మంగళవారం: బళ్ళో ఎవరిదో పుట్టినరోజు, చిప్స్.
బుధవారం: ఏమీ తినలేదు, ఏమీ లేవలేదు.
గురువారం పేజీ మీద పెరుగు ఒలికింది.

సూపర్‌మార్కెట్‌లో కళ్ళజోడు నుదుటికెత్తి
ప్యాకెట్ల వీపులు చదివే మనిషినయ్యాను.
అన్నీ నేను తూచినవే.
దొంగ చీకట్లో తన ఇంటికే
కన్నం వేసుకున్నట్టుంది.

డాక్టరు ఫిలిప్పా నెమ్మదైన మనిషి.
"రుజువు తక్కువ. కొందరికి పడకపోవచ్చు.
టమాటాలోనూ ఉంటుంది కదా ఆ గ్లూటమేటు,
తల్లిపాలలో కూడా."
తెలుసు. బీయస్సీ కెమిస్ట్రీ, సెకండు క్లాసు.
కానీ డాక్టరుగారూ,
టమాటా పులుపే ఒకచోట చెయ్యి పట్టుకుని ఆపుతుంది.
ప్యాకెట్టు అడుగు కనబడితే తప్ప
ఆగిన చెయ్యిని నేనింకా చూడలేదు.
ఇదేదీ ఇంగ్లీషులో నాకు రాలేదు.
థ్యాంక్యూ అని లేచొచ్చాను.

చలికాలమంతా మానిపించాను. దద్దుర్లు పోయాయి.
ఆగస్టు చివర వీధంతా వాటిల్ పూసింది,
కారద్దాల మీద పసుపు చల్లినట్టు.
అవి మళ్ళీ వచ్చాయి,
ప్యాకెట్టు ఏదీ విప్పకుండానే.
నేరం ఎవరిదో తేలలేదు.
నోటుబుక్కు మిక్సీ కింద ఎత్తుకి పెట్టాను.

అయితే, మానిపించిన మొదటి వారం,
మిరియాలు దంచి, ఇంగువ వేసి, చారు పోస్తే
గరిటె కిందపెట్టి, జాలిగా, అది నాతో అన్న మాట:
"అమ్మా, ఇందులో రుచి వెయ్యడం మర్చిపోయావు."

రుచి వెయ్యడం.
బస్తాలోంచి తీసి.

పగలూ రాత్రీ పెద్ద లైటు వెలిగే గదిలో
దీపం పెట్టి ఏం లాభం?
కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.
ఆ పూట చారు నేనే తాగేశాను.
మర్నాడు మళ్ళీ పెట్టాను.

ఏడో వారమో, ఎనిమిదో,
కంచం అంచున కరివేపాకు తీసిపెడుతూ ఆగి
ఒకటి నమిలింది.
"చేదు కాదు," అంది, "పచ్చగా ఉంది."
నేను వినిపించుకోనట్టే
గిన్నె మూత వెతికాను.

ఇప్పుడు షిఫ్టు దిగగానే
మోచేతుల దాకా రెండుసార్లు కడుగుతాను.
అయినా తలుపు తియ్యగానే
అది వచ్చి ముంజేతి మీద నాలుక పెడుతుంది.
"ఇవాళ ఉత్త ఉప్పు," అంటుంది
కొంచెం నిరాశగా.
చెమటని చెప్పను.

అన్నం పెట్టి, జడ వేసి,
బడికి దింపి, కర్టెను లాగి పడుకోవాలి.
రాత్రికి హనీ సోయా, రెండు టన్నులు.