తుళు కింద తెలుగు

రిచీ వీధిలో నాలుగు వేల రెండొందలకు బేరమాడి
ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను,
ఏదో బ్యాంకు వాళ్లు పారేసిన పెట్టె.
పక్కన వాళ్ల నంబరు చీటీ ఇంకా ఊడలేదు.
పులియంతోపులో టీ బంకు మీద గది,
గోడకి పారిశుధ్య కార్మికుల పరపతి సంఘం బోర్డు.
బేసిన్ బ్రిడ్జి మీద రైలు పోయినప్పుడల్లా
మానిటరు కొంచెం తల ఊపుతుంది.

"లైనక్సంటే ఎంతమ్మా?" అన్నాడు కోశాధికారి చెంగయ్య.
ఊరికేనే, బాబాయ్.
"ఊరికే ఇస్తే, రేపు పాడైతే ఎవణ్ణి తిట్టాలి?"
దానికి నా దగ్గర మాన్ పేజీ లేదు.

పెన్‌డ్రైవు గుచ్చాను.
నల్ల తెర మీద తెల్ల వరసలు
మస్టరు వేళ దాటిపోతోందని పరిగెత్తే మనుషుల్లా
ఒకదాని వెనక ఒకటి.
దీనికి అది కావాలి, దానికి ఇంకోటి కావాలి.
ఒక్క డేటాబేసుని రమ్మంటే
చుట్టాల్ని వెంటేసుకుని నలభై మూడు పొట్లాలు దిగాయి.
మొదటిసారి లేవలేదు. ఎర్రగా ఒక మాట చెప్పి పడుకుంది.
రెండోసారీ అంతే.
అరగంట వెతికితే దొరికింది,
నేనే వేయడం మరిచిన ఒక కొటేషను గుర్తు.
మూడోసారి లేచి
ఐదు వేల నాలుగొందల ముప్ఫై రెండో గుమ్మం దగ్గర కూర్చుని
"వింటున్నాను" అంది.
ముప్ఫై ఏళ్లలో ఈ సంఘం మాట
ఇంత ఓపిగ్గా విన్న ఆఫీసు ఇంకోటి లేదు.

తొలి పేరు మా అమ్మది కొట్టాను.
పెంచలమ్మ.
తిరిగి అడిగితే
ఎనిమిది ప్రశ్నార్థకాలు ఇచ్చింది.

ఇదేం కొత్త కాదు.
పింఛను కాగితంలో ఆమె బెంజలమ్మాళ్,
ఆస్పత్రి చీటీలో పెంజిల,
ఒకచోట పేరే లేదు, వేలిముద్ర.
ఆ ముగ్గురూ ఒక్కత్తేనని స్టాంపు కాగితం మీద రాయించడానికి
రెండు రోజుల జీతం పోయింది.
రాసిన గుమాస్తాల తప్పూ కాదు,
వాళ్ల చెవికి అందినంత వాళ్లు రాశారు.
ఈ పెట్టెకి మాత్రం చెవి పెట్టొచ్చు.

లొకేల్ ఫైలు తెరిచాను.
లోకంలో భాషలన్నీ అక్కడ వరసగా పడుకున్నాయి,
ఒక్కోదాని ముందూ హ్యాష్ గుర్తు, గడియలాగా.
కిందికి, ఇంకా కిందికి.
తమిళం.
దాని కింద లంక తమిళం.
దాని కింద తుళు.
తుళు కింద తెలుగు.
మా వీధి కూడా ఇదే వరస,
మంగళూరాయన హోటలుతో సహా.
ఎవరు చేర్చారో ఈ లైను,
ఏ దేశంలో, ఏ నిద్ర పట్టని రాత్రి.
నా కోసమైతే కాదు.
అయినా ఉంది.

కర్సరు దాని ముందు నిలబెట్టి
ఏమీ రాయలేదు.
ఒక్క గుర్తు చెరిపాను.

తర్వాత కట్టిందంతా పీకి మళ్లీ కట్టాలి.
మధ్యలో కరెంటు పోయింది, యూపీఎస్ కూసింది,
చెంగయ్య గ్లాసులో టీ తెచ్చి కీబోర్డు మీదే పెట్టబోయాడు.
తొమ్మిదిన్నర దాటాక
పెంచలమ్మ వచ్చింది,
సున్నాతో, మ వత్తుతో, ఎవరి నోట్లోనూ నలగకుండా.

చెంగయ్యకి అంకెలు వచ్చు, అక్షరాలు రావు.
తన పేరు మాత్రం ఆకారం పట్టి గుర్తుపడతాడు.
తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు.
"పేరు బాగానే ఉంది గానీ,
పక్కన అప్పు కూడా అంతే కరెక్టుగా చూపిస్తోందే" అన్నాడు.

చదవడం సభ్యులందరికీ. రాయడం ముగ్గురికి.
కరెంటు పోయి వస్తే ఎవరూ తట్టకుండా లేవాలని
ఇంకో ఆజ్ఞ వేశాను.
ఐదున్నరకి మస్టరు, అంతకు ముందే లేవాలి.

ప్రింటరు మాత్రం ఇంకా డబ్బాలే కొడుతోంది.
దాని సంగతి రేపు.