తొమ్మిదో నంబరు అంగీ

దిబ్బ. ఊరి పేరే అది.
మా దిక్కు దిబ్బంటే పెంట పోసేది,
ఈడ గుట్టలు సముద్రందాక దిగొచ్చి ఆగుతయి.
ఆ సందుల గ్రౌండు. నా పని అంగీలు పిండుడు.
మూడేండ్ల సంది తొమ్మిదో నంబరు నా చేతికే వస్తది,
మట్టికంటె ఉప్పెక్కువ దానికి.

నికనోర్ బరగాన్. మెక్సికో.
ఇరవై రెండేండ్లప్పుడు ఒక్క సీజన్ల పందొమ్మిది గోల్స్ కొట్టిండట.
తర్వాత మోకాలు. తర్వాత చిన్న క్లబ్బు,
ఇంకా చిన్న క్లబ్బు. తర్వాత ఏజెంటు.
ఏజెంటు అనంగనే నాకు కోరుట్ల యాదికొచ్చింది,
లక్షా ఇరవై వేలు, నూటికి మూడు మిత్తి.

"నేను పుట్టింది గూడ గల్ఫ్‌లనే" అన్నడోసారి.
నవ్విన.
ఫోన్ల మ్యాపు తీసి చూపెట్టిండు. తాంపికో.
ఆడొక గల్ఫు, ఆడ గూడ నూనె కంపెనీ పొగ,
వాళ్ల నాయిన దాంట్లనే వెల్డరు.
గల్ఫుల పుట్టినోడు గల్ఫుకొచ్చుడేంది, గిదేం కథ!

పచ్చిమామిడికి కారం అద్ది ఇస్తే
కండ్లల్ల నీళ్లు రాలే ఆయనకు.
ఇంకింత అద్దమన్నడు.

నిన్న ఆఖరి మ్యాచు. ఎనభై ఎనిమిదో నిమిషంల
బాలు కాలికి అందింది, అందినట్టే అంది
పక్క బోర్డుకు తాకింది.
చూసెటోళ్లు నలభై మంది. ఎవ్వలు తిట్టలే.
తిడితే బాగుండన్నడు, మోకాలికట్టు విప్పుకుంట.

ఇయ్యాల వీసా క్యాన్సిలు.
ఆయనకు రెండు నెలల జీతం బాకీ. నాకు మూడు.
అంగీ పిండిన. వీపు మీద తొమ్మిది అంచుకు లేసింది,
ఇస్త్రీపెట్టె ఆన్చి అతికిచ్చిన.
రేపెవడో పిలగాడొస్తడు, ఘానా అంటున్నరు.
కొలత ఒకటేనట.